నేలను తాకని జెండా
(ఉపవాచకం – జీవిత కథ)

పిల్లలూ!

ఫిబ్రవరి నెల రాగానే మన మిష్రిఫ్ వీధులు ఎలా మారిపోతాయో మీరు ఏటా చూస్తూనే ఉంటారు. ఇళ్ళ గోడల మీద, కార్ల అద్దాల మీద, చిన్నారుల చేతులలో ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, నలుపు రంగులు కలిసిన జెండాలు రెపరెపలాడుతుంటాయి. ఫిబ్రవరి 25 కువైత్ జాతీయ దినోత్సవం. ఆ మరునాడు విమోచన దినోత్సవం. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించింది. 1991 ఫిబ్రవరి 26న కువైత్ విముక్తి పొందింది. అందువలన ఆ జెండా అంటే ఇక్కడివారికి ప్రాణం.

మన మువ్వన్నెల జెండా సంగతి మీకు తెలిసినదే. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీజీకి ఒక పతాక నమూనాను సమర్పించారు. అనంతరం కొన్ని మార్పులు పొంది అదే మన జాతీయ పతాకానికి మూలమయింది.

జెండా చూడడానికి ఒక గుడ్డముక్క. బజారులో కొంటే దాని వెల ఎంతో ఉండదు. అయినా దాని కొరకు ప్రాణాలకు తెగించినవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అటువంటివారిలో ఒకరి కథ ఇది. అయితే ఈ కథలో ఒక విశేషం ఉన్నది. ఈ వీరుడు ఏ దేశపు జెండాను కాపాడాడో, ఆ దేశం అతనికి అప్పటికింకా సమానమైన స్థానం ఇవ్వలేదు. అతని పేరు విలియం హార్వే కార్నీ.

1. దొంగచాటు చదువు

కార్నీ 1840 ఫిబ్రవరి 29న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, నార్ఫోక్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. నాలుగేళ్ళకు ఒకసారి వచ్చే పుట్టినరోజు అతనిది! కాని అతడు పుట్టిన ఇంట పుట్టినరోజు పండుగలు జరిగే స్థితి లేదు. ఎందుకంటే అతడు బానిసగా పుట్టాడు.

బానిస అంటే ఎవరు? తన శరీరం మీద, తన కష్టం మీద, తన బిడ్డల మీద కూడా తనకు హక్కు లేనివాడు. ఆఫ్రికా ఖండం నుండి నల్లజాతివారిని బంధించి, ఓడలలో కుక్కి, అమెరికాకు తెచ్చి, సంతలో పశువులను అమ్మినట్లు అమ్మేవారు. తల్లి ఒక యజమాని చేతికి, బిడ్డ మరొక యజమాని చేతికి పోయిన సందర్భాలు ఎన్నో. 1860 నాటికి ఆ దేశంలో సుమారు 40 లక్షల మంది నల్లజాతివారు బానిసత్వంలో మగ్గుతున్నారు.

ఆ రోజులలో వర్జీనియాలో నల్లజాతివారిని ఒకచోట చేర్చి చదువు చెప్పడం చట్టవిరుద్ధం. చదువు వస్తే ఆలోచన వస్తుంది. ఆలోచన వస్తే ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుడితే బానిసత్వం నిలవదు. ఈ సంగతి యజమానులకు బాగా తెలుసు. అయినా నార్ఫోక్‌లో ఒక మతబోధకుడు రహస్యంగా ఒక చిన్న బడి నడిపేవాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళ ప్రాయంలో కార్నీ ఆ బడికి వెళ్ళాడు. పట్టుబడితే శిక్ష తప్పదని తెలిసి కూడా అక్షరాలు దిద్దాడు. మనం హాయిగా కూర్చుని చదువుకుంటున్న పాఠాన్ని అతడు దొంగచాటుగా నేర్చుకోవలసి వచ్చింది.

కార్నీ తండ్రి పేరు కూడా విలియం. అతడు బానిసత్వం నుండి బయటపడి ఉత్తరాదికి చేరుకున్నాడు. అక్కడ ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. తరువాత కుటుంబమంతా మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో స్థిరపడింది. తిమింగిలాల వేటకు పేరుపడిన రేవు అది. ఆ రాష్ట్రంలో బానిసత్వం లేదు. బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చినవారు ఎందరో అక్కడ తలదాచుకున్నారు. నల్లజాతివారి హక్కుల కొరకు జీవితమంతా పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా 1838లో బానిసత్వం నుండి పారిపోయి వచ్చి మొదట ఆ ఊళ్ళోనే కాపురం పెట్టాడు. కార్నీ అక్కడ దొరికిన పనల్లా చేస్తూ, ముందు ముందు మతబోధకుడు కావాలని అనుకొనేవాడు. ఇంతలో యుద్ధం వచ్చింది.

2. అన్నదమ్ముల యుద్ధం

ఒకే దేశంలోని ప్రజలు రెండు పక్షాలుగా చీలి తమలో తాము చేసుకొనే యుద్ధాన్ని అంతర్యుద్ధం అంటారు. అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలకు, దక్షిణాది రాష్ట్రాలకు మధ్య 1861 నుండి 1865 వరకు అటువంటి యుద్ధం జరిగింది.

దక్షిణాది రాష్ట్రాలలో పెద్ద పెద్ద పత్తి తోటలు ఉండేవి. వాటిలో దున్నడం, కలుపు తీయడం, పత్తి ఏరడం అన్నీ బానిసల చేతనే చేయించేవారు. 1860లో బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. ఇక తమ బానిసలు తమకు దక్కరని దక్షిణాదివారు భయపడ్డారు. వరుసగా 11 రాష్ట్రాలు దేశం నుండి విడిపోతున్నట్లు ప్రకటించాయి. 1861 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ రేవులో మొదటి ఫిరంగి పేలింది.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన ఊళ్ళు అని మీరు అనుకోవచ్చు. కాని ఆ యుద్ధపు వేడి మన తెలుగు నేలకు కూడా తగిలింది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించింది. దానితో ఇంగ్లండులోని బట్టల మిల్లులకు అమెరికా పత్తి అందక, ఆ మిల్లులవారు ఇండియా పత్తి కోసం ఎగబడ్డారు. పత్తి ధర ఒక్కసారిగా పెరిగింది. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు నుండి ఓడలకెక్కింది. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. బానిసల చేతులు ఏరిన పత్తికీ మన రైతుల చేతులు ఏరిన పత్తికీ సంత ఒక్కటే అయింది. లోకంలో ఒక మూల జరిగిన అన్యాయం మరొక మూలను కూడా కదిలిస్తుందనడానికి ఇది ఒక నిదర్శనం.

యుద్ధం మొదలైన రోజులలో నల్లజాతివారిని ఉత్తరాది సైన్యంలో కూడా సైనికులుగా చేర్చుకోలేదు. “వీరు తుపాకి పట్టగలరా? శత్రువును చూసి పారిపోరా?” అని చాలామంది ఎగతాళి చేసేవారు. 1863 జనవరి 1న లింకన్ ఒక ప్రకటన చేశాడు. తిరుగుబాటు రాష్ట్రాలలోని బానిసలందరూ ఆ దినం నుండి స్వతంత్రులని దాని సారాంశం. నల్లజాతివారు సైన్యంలో చేరవచ్చునని కూడా అందులో ఉన్నది.

3. యాభై నాలుగవ దళం

ఆ ప్రకటన తరువాత మసాచుసెట్స్ రాష్ట్రంలో నల్లజాతివారితో ఒక కాల్బలం ఏర్పడింది. దానికి మసాచుసెట్స్ 54వ దళం అని పేరు. ఫ్రెడరిక్ డగ్లస్ ఊరూరా తిరిగి యువకులను సైన్యంలో చేరమని పిలిచాడు. ఇతరుల పిల్లలను పిలిచి తన పిల్లలను దాచుకోలేదు. తన ఇద్దరు కొడుకులను, లూయీని, చార్లెస్‌ను, ఆ దళంలో చేర్పించాడు.

1863 ఫిబ్రవరిలో కార్నీ కూడా చేరాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు నిండబోతున్నాయి. మతబోధకుడు కావాలన్న కోరిక ఏమయిందని ఎవరైనా అడుగుతారనుకున్నాడేమో, తరువాత ఒక లేఖలో తానే జవాబు వ్రాశాడు. దేశానికీ, అణగారిన తన సోదరులకూ సేవ చేయడమే తాను దేవునికి చేయగల ఉత్తమమైన సేవ అని తోచిందని ఆ లేఖ సారం. త్వరలోనే అతడు సార్జెంటు అయ్యాడు.

ఆ దళానికి నాయకుడు కర్నల్ రాబర్ట్ గౌల్డ్ షా. అతడు తెల్లజాతివాడు, సంపన్నుల ఇంటి బిడ్డ. వయస్సు 25 ఏళ్ళు. మే 28న ఆ దళం బోస్టన్ నగర వీధులలో కవాతు చేసి ఓడ ఎక్కింది. వేలమంది బారులు తీరి వీడ్కోలు చెప్పారు.

ఈ సైనికులకు ఇతర సైనికులకు లేని ఒక ప్రమాదం ఉన్నది. నల్లజాతి సైనికుడు శత్రువు చేతికి చిక్కితే అతనిని యుద్ధఖైదీగా చూడబోమని దక్షిణాది ప్రభుత్వం ప్రకటించింది. అంటే చిక్కినవానికి మరణమో, తిరిగి బానిసత్వమో ప్రాప్తిస్తుంది. ఇది తెలిసి కూడా వారు వెనుకంజ వేయలేదు.

4. వాగ్నర్ కోట

చార్లెస్టన్ రేవుకు కాపలాగా మోరిస్ దీవి మీద వాగ్నర్ కోట ఉండేది. అది రాతికోట కాదు. ఇసుకను గుట్టలుగా పోసి, దుంగలతో బిగించి కట్టిన కోట. దాని చుట్టూ నీటి కందకం. కోటను చేరాలంటే ఒకవైపు సముద్రం, మరొకవైపు చిత్తడినేల, నడుమ సన్నని ఇసుకబాట మాత్రమే దారి.

1863 జూలై 18. ఉదయం నుండి ఉత్తరాది ఫిరంగులు ఆ కోట మీద గుండ్ల వాన కురిపించాయి. లోపల ఎవరూ మిగిలి ఉండరని సేనాపతులు తలచారు. కాని కోటలోని సైనికులు ఇసుక క్రింద కట్టిన గదులలో దాగి సురక్షితంగా ఉన్నారు. సూర్యాస్తమయ వేళకు దాడికి ఆజ్ఞ వచ్చింది. అందరికంటే ముందు నడిచే బాధ్యతను 54వ దళానికి అప్పగించారు. అప్పటికి రెండు రాత్రులుగా వారికి సరైన నిద్ర లేదు, తిండి లేదు.

సుమారు ఆరువందల మంది ఆ ఇసుకబాట మీద కదిలారు. కోట దగ్గర పడగానే ఎదుటినుండి ఒక్కుమ్మడిగా తుపాకులు, ఫిరంగులు ప్రేలాయి. ప్రక్కన నడిచేవాడు ప్రక్కనే కూలిపోతున్నాడు. అయినా వరుస ఆగలేదు.

ఆ కాలంలో ప్రతి దళానికి ముందు జెండా పట్టుకొని ఒక సైనికుడు నడిచేవాడు. పొగలో, చీకటిలో, అరుపులలో సైనికులకు దారి చూపేది ఆ జెండాయే. జెండా ముందుకు పోతే దళం ముందుకు పోతుంది. జెండా కూలితే దళం చెదరిపోతుంది. అందుచేత శత్రువు మొదట గురిపెట్టేది జెండా పట్టినవాని మీదనే. జెండా పట్టినవాని చేతిలో తుపాకి ఉండదు.

ఆనాడు జాతీయ పతాకం పట్టిన సైనికుడు గాయపడి ఒరిగిపోయాడు. జెండా చేతినుండి జారిపోతున్నది. అది చూసిన కార్నీ తన తుపాకిని ప్రక్కకు విసిరి, ఒక్క దూకున వచ్చి జెండాకర్ర అందుకున్నాడు. తూటాల నడుమ కందకం దాటి, ఇసుక గోడ ఎక్కి, కోట గట్టు మీద ఆ జెండాను నిలిపాడు. అప్పటికే అతనికి గాయాలు తగిలాయి. ఆ గట్టు మీదనే కర్నల్ షా నేలకొరిగాడు.

కార్నీ చుట్టూ చూశాడు. తన వెంట గట్టెక్కినవారిలో ఎక్కువమంది లేవలేని స్థితిలో ఉన్నారు. అతడు మోకాళ్ళ మీద కూర్చుని, జెండాను నిటారుగా పట్టుకొని, సహాయం కోసం ఎదురుచూశాడు. కొంతసేపటికి చీకటిలో ఒక గుంపు తనవైపు వస్తూ కనిపించింది. తనవారే అనుకున్నాడు. తీరా దగ్గరకు వచ్చేసరికి వారు శత్రువులు. వెంటనే జెండాను కర్రకు చుట్టి, గట్టు దిగి కందకంలోకి దూకాడు. నీళ్ళు నడుము లోతున ఉన్నాయి. జెండాను పైకెత్తి పట్టుకొని ఆ నీళ్ళు దాటాడు.

కాలికి, చేతికి, రొమ్ముకు, తలకు గాయాలు. నడవలేక మోకాళ్ళ మీద ప్రాకాడు. దారిలో న్యూయార్కు దళానికి చెందిన ఒక సైనికుడు అతనికి ఆసరా ఇచ్చాడు. “జెండా నాకియ్యి, నేను మోస్తాను” అన్నాడు. కార్నీ ఒప్పుకోలేదు. యాభై నాలుగవ దళంవాడు తప్ప ఇంకెవరూ దీనిని మోయకూడదన్నాడు. చివరకు తన దళంవారిని చేరుకొని, జెండా వారికి అప్పగించాడు. చుట్టూ ఉన్న సైనికులు జయజయధ్వానాలు చేశారు. కార్నీ నీరసించిన గొంతుతో, “నేను నా విధి నిర్వర్తించాను, అంతే. మన జెండా నేలను తాకలేదు” అని సొమ్మసిల్లిపోయాడు.

ఆ రాత్రి కోట వశం కాలేదు. దాడిలో పాల్గొన్న ఉత్తరాది సైనికులలో 1,500 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా కనిపించకుండా పోయారు. వారిలో 270 మందికి పైగా 54వ దళంవారు. శత్రువులు కర్నల్ షాను అతని నల్లజాతి సైనికులతో కలిపి ఒకే గోతిలో పూడ్చిపెట్టారు. అది అవమానమని వారు తలచారు. కాని షా తండ్రి, తన కొడుకు తన సైనికుల నడుమనే ఉండాలని, శవాన్ని అక్కడినుండి కదిలించవద్దని కోరాడు.

ఓడిన యుద్ధమే అయినా ఆ రాత్రి ఒక గెలుపు ఉన్నది. నల్లజాతివారు యుద్ధంలో నిలవగలరా అని ఎగతాళి చేసినవారికి నోట మాట రాలేదు. ఆ తరువాత వేలాదిగా నల్లజాతివారు సైన్యంలో చేరారు. యుద్ధం ముగిసేనాటికి ఉత్తరాది సైన్యంలో పనిచేసిన నల్లజాతివారు సుమారు 1,80,000 మంది. వాగ్నర్ కోటను కూడా దక్షిణాదివారు ఆ సెప్టెంబరులో విడిచిపోయారు.

5. పదమూడు డాలర్లా? ఏడు డాలర్లా?

పిల్లలూ! ఆ దళంవారి ధైర్యం తుపాకుల ఎదుట మాత్రమే కనబడలేదు. జీతం బల్ల ముందు కూడా కనబడింది.

సైన్యంలో చేరేటప్పుడు అందరితో సమానంగా నెలకు 13 డాలర్లు ఇస్తామని వారికి మాట ఇచ్చారు. తీరా జీతం ఇచ్చే రోజున, నల్లజాతివారికి 10 డాలర్లేనని, అందులో కూడా దుస్తుల క్రింద 3 డాలర్లు తగ్గిస్తామని చెప్పారు. చేతికి వచ్చేది ఏడు డాలర్లు! పని ఒక్కటే, ప్రమాదం ఒక్కటే, చావు కూడా ఒక్కటే. జీతం మాత్రం సగం.

అప్పుడు వారేమి చేశారు? తుపాకులు పారవేసి వెళ్ళిపోలేదు. ఏడు డాలర్లతో సరిపెట్టుకోనూ లేదు. “ఇస్తే పూర్తి జీతం ఇవ్వండి, లేకపోతే అసలు వద్దు” అని దళమంతా జీతం నిరాకరించింది. తక్కువపడిన సొమ్ము తాము ఇస్తామని మసాచుసెట్స్ రాష్ట్రంవారు ముందుకు వచ్చారు. దానిని కూడా వారు తీసుకోలేదు. తమకు కావలసింది దానం కాదని, సమానమైన హక్కు అని చెప్పారు. ఇంటివద్ద భార్యాబిడ్డలు ఇబ్బందులు పడుతున్నా, ఏడాదికి పైగా జీతం లేకుండా యుద్ధం చేశారు. చివరకు 1864 జూన్‌లో అమెరికా శాసనసభ సమాన వేతనానికి చట్టం చేసింది.

విధిని విడవకుండా హక్కును అడగడం ఎలాగో ఆ సైనికులు చూపించారు. ఆత్మాభిమానం అంటే ఇదే.

6. ఉత్తరాలు పంచిన వీరుడు

గాయాల కారణంగా 1864 జూన్ 30న కార్నీ సైన్యం నుండి గౌరవంగా విడుదలయ్యాడు. మరుసటి ఏడు యుద్ధం ముగిసింది. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణ ద్వారా అమెరికా అంతటా బానిసత్వం రద్దయింది.

కార్నీ న్యూ బెడ్‌ఫర్డ్‌కు తిరిగివచ్చి, 1865 అక్టోబరులో సుసానాను పెండ్లాడాడు. వారికి ఒక కూతురు కలిగింది. కొంతకాలం వీధి దీపాల పని చూశాడు. కొంతకాలం కాలిఫోర్నియా వెళ్ళి వచ్చాడు. 1869లో తపాలా జవాను ఉద్యోగంలో చేరాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఊరి ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు.

ఉత్తరం విలువ ఎంతటిదో మీ తాతయ్యలను, అమ్మమ్మలను అడగండి. టెలిఫోను అందుబాటులో లేని రోజులలో కడప నుండి, గోదావరి జిల్లాల నుండి కువైత్‌కు వచ్చినవారు ఇంటినుండి వచ్చే ఒక్క ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. అటువంటి ఉత్తరాలను ఎండకూ మంచుకూ వెరవకుండా చేరవేసే పనిలో కార్నీ తన నడివయస్సంతా గడిపాడు. యుద్ధంలో గాయపడిన శరీరంతోనే అంత దూరాలు నడిచాడు. జెండాను ఎంత శ్రద్ధగా చేరవేశాడో, ఉత్తరాలను కూడా అంతే శ్రద్ధగా చేరవేశాడు. 1890లో ఆ ఊరి తపాలా జవానులు తమ సంఘపు శాఖను స్థాపించుకున్నప్పుడు అతనిని ఉపాధ్యక్షుడుగా ఎన్నుకున్నారు.

1897 మే 31న బోస్టన్ నగరంలో కర్నల్ షాకు, 54వ దళానికి స్మారకంగా ఒక కంచు శిల్పాన్ని ఆవిష్కరించారు. గుర్రం మీద షా, అతని ప్రక్కన నడిచే నల్లజాతి సైనికులు ఆ శిల్పంలో కనిపిస్తారు. ఆ సభలో నెరసిన జుట్టుతో కార్నీ అదే దళపు జెండా పట్టుకొని నిలిచాడు. సభికులు లేచి కరతాళధ్వనులు చేశారు.

7. ముప్పై ఏడేళ్ళకు

అమెరికాలో సైనికులకిచ్చే అత్యున్నత పురస్కారం పేరు మెడల్ ఆఫ్ ఆనర్. మన పరమవీరచక్ర వంటిది. 1900 మే 23న కార్నీకి ఆ పతకం మంజూరయింది. వాగ్నర్ కోట రాత్రి గడిచి అప్పటికి దాదాపు 37 ఏళ్ళు. ఇరవై మూడేళ్ళ యువకుడు చేసిన పనికి అరవై ఏళ్ళ వృద్ధుని రొమ్ముపై పతకం మెరిసింది.

ఆ యుద్ధంలో పోరాడిన తెల్లజాతి సైనికులు చాలామందికి కూడా పతకాలు ఏళ్ళ తరబడి ఆలస్యంగానే వచ్చాయి. కొందరు నల్లజాతి వీరులు కార్నీకంటే ముందే పతకం అందుకున్నారు. అయితే పతకం పొందిన నల్లజాతివారి సాహసకార్యాలన్నిటిలో కాలాన్నిబట్టి మొట్టమొదటిది కార్నీ చేసినదే. ఆ ముప్పై ఏడేళ్ళూ అతడు పతకం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. తన పని తాను చేసుకుంటూ పోయాడు.

1901లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత బోస్టన్‌లోని రాష్ట్ర ప్రభుత్వ భవనంలో సందేశాలు అందించే పనిలో చేరాడు. అక్కడే లిఫ్టు ప్రమాదంలో కాలికి తీవ్రమైన గాయమై, 1908 డిసెంబరులో కన్నుమూశాడు. పెద్దపెద్ద నాయకులు మరణించినప్పుడు చేసినట్లుగా ఆ భవనం మీద జెండాను అవనతం చేశారు. తాను నేలను తాకనివ్వని జెండా ఆనాడు తనకోసం తల వంచింది. న్యూ బెడ్‌ఫర్డ్‌లోని అతని సమాధి రాతి మీద ఆ పతకం గుర్తు చెక్కబడి ఉన్నది.

8. మనం గ్రహించవలసినది

బానిసత్వం రద్దయినంత మాత్రాన అన్యాయం అంతరించలేదు. కార్నీ పతకం అందుకున్న 1900 నాటికి దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతివారికి బడులు వేరు, రైలు పెట్టెలు వేరు, ఓటు హక్కు పేరుకు మాత్రమే. 1964, 1965 సంవత్సరాలలో వచ్చిన చట్టాల వరకు ఆ పోరాటం సాగుతూనే ఉన్నది. అయినా ఆ పోరాటానికి వాగ్నర్ కోట ఒక మైలురాయి.

ఆ కాంతి మన దేశం వరకూ ప్రసరించింది. కులం పేరిట జరిగే అన్యాయాలను ఎదిరించిన జ్యోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ అనే పుస్తకం ప్రకటించాడు. బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు దానిని అంకితం చేశాడు.

పిల్లలూ! వచ్చే ఫిబ్రవరిలో మీరు చేత చిన్న జెండా పట్టుకొని వీధిలోకి వెళ్ళినప్పుడు కార్నీని తలచుకోండి. పండుగ ముగిశాక జెండాను కాళ్ళ క్రింద పడనివ్వక జాగ్రత్తగా మడిచి దాచండి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మీ ప్రక్కన కూర్చున్న స్నేహితుని రంగు వేరు కావచ్చు, భాష వేరు కావచ్చు, ఊరు వేరు కావచ్చు. ఆటలో గాని, మాటలో గాని అతనికి సగం వాటా ఇవ్వకండి. పూర్తి వాటా ఇవ్వండి. జెండా నీడలో అందరికీ సమానమైన చోటు దొరికిన నాడే ఆ జెండా నిజంగా నేలను తాకనట్లు.

పదాలు – అర్థాలు

అంతర్యుద్ధం = ఒకే దేశంలోని పక్షాల మధ్య జరిగే యుద్ధం
దిగ్బంధించు = రాకపోకలు సాగకుండా నలువైపులా అడ్డగించు
కాల్బలం = కాలినడకన యుద్ధం చేసే సైన్యం
కందకం = కోట చుట్టూ త్రవ్విన లోతైన కాలువ
సొమ్మసిల్లు = స్పృహ తప్పు
అవనతం = క్రిందికి దించినది, వంచినది
కరతాళధ్వనులు = చప్పట్లు

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. కార్నీ చదువు ఎందుకు రహస్యంగా సాగవలసి వచ్చింది?
2. యుద్ధంలో జెండా పట్టిన సైనికుని పని ఏమిటి? అతనికి ప్రమాదం ఎందుకు ఎక్కువ?
3. అమెరికా అంతర్యుద్ధానికీ మన తెలుగు ప్రాంతానికీ గల సంబంధం ఏమిటి?
4. కర్నల్ షా తండ్రి ఏమని కోరాడు?

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. వాగ్నర్ కోట వద్ద కార్నీ చూపిన సాహసాన్ని మీ మాటలలో వర్ణించండి.
2. 54వ దళంవారు ఏడు డాలర్ల జీతాన్ని ఎందుకు నిరాకరించారు? రాష్ట్రం ఇస్తామన్న సొమ్మును కూడా ఎందుకు కాదన్నారు? మీరే ఆ దళంలో ఉంటే ఏమి చేసేవారు?

ఇ. ఖాళీలు పూరించండి.
1. కార్నీ పుట్టిన ఊరు ________.
2. వాగ్నర్ కోట మీద దాడి జరిగిన తేదీ ________.
3. కార్నీకి పతకం మంజూరైన సంవత్సరం ________.

ఈ. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి.
ఉదాహరణ: సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
1. ఆత్మాభిమానం 2. అత్యున్నత 3. దినోత్సవం

ఉ. సొంత వాక్యాలలో ప్రయోగించండి.
వెనుకంజ వేయు, తలదాచుకొను, నోట మాట రాకపోవు, ఒళ్ళు దాచుకోకుండా

ఊ. ఆలోచించండి.
కార్నీ పుట్టినరోజు ఫిబ్రవరి 29. అతనికి పతకం వచ్చిన 1900వ సంవత్సరంలో ఆ తేదీయే లేదు. 1900ను నాలుగుతో భాగిస్తే శేషం రాదు కదా, మరి అది లీపు సంవత్సరం ఎందుకు కాలేదు? మీ లెక్కల ఉపాధ్యాయుని అడిగి తెలుసుకోండి.

ఋ. చేయండి.
మీ ఇంటి పెద్దలు దాచుకున్న పాత ఉత్తరం ఏదైనా ఉంటే అడిగి చదివించుకోండి. అది ఎవరు ఎవరికి వ్రాసినదో, చేరడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసుకొని తరగతిలో చెప్పండి.